దింబం ఘాటులో 27 మలుపులు: మన మూటలు, మన ప్రాణాలు

నూలు ధరలు, జరీ నాణ్యం, మగ్గాల మరమ్మతు గురించి వ్రాసుకునే ఈ పుటలలో మోటారు బండి నడపడం మీద వ్యాసమేమిటని పాఠక సోదరులు అనుకోవచ్చును. కారణం ఉన్నది. పూర్వం మన నేతగాడు చీర నేసి, మడత పెట్టి, మూట కట్టి షావుకారుకో, లారీ పార్సెలు ఆఫీసుకో అప్పగించేవాడు. ఆ పిమ్మట ఆ మూట ఏ కొండ ఎక్కినదీ, ఏ లోయ దిగినదీ అతనికి పట్టేది కాదు. ఈనాడు అట్లా లేదు. పది పన్నెండు మగ్గాలున్న ఇంటివారు అప్పు చేసి అయినా ఒక చిన్న సరకు బండి కొంటున్నారు. మొన్నటిదాకా నాడె విసిరిన పిల్లవాడే నేడు స్టీరింగు పట్టుకొని పొరుగు రాష్ట్రపు అంగడికి పోతున్నాడు. సరకు మనది, బండి మనది, నడిపే బిడ్డ కూడ మనవాడే. కావున ఆ దారి మంచిచెడ్డలు తెలిసికోవడం కూడ మన వృత్తిలో భాగమే అయినది.

నేను చెప్పబోయేది కర్ణాటకలోని కొళ్ళేగాల నుండి చామరాజనగరం మీదుగా పోయి, తమిళనాడులోని సత్యమంగలం అడవిలో దింబం ఘాటు దిగి, కోయంబత్తూరు చేరే రోడ్డు గురించి. ఇప్పటి లెక్కలో ఇది 948వ నంబరు జాతీయ రహదారి. బెంగుళూరు నుండి కనకపుర, మళవళ్ళి మీదుగా వచ్చి, కావేరి దాటి కొళ్ళేగాల చేరుతుంది. కొంచెం పెద్ద వయసువారు దీనిని ఇంకా 209 అనే పిలుస్తారు. పాత నంబరు అదే.

ఈ దారితో మనవారికి ఉన్న సంబంధం నిన్నటిది కాదు. కొళ్ళేగాల తాలూకా 1956 వరకు మద్రాసు రాష్ట్రంలో, కోయంబత్తూరు జిల్లాలో భాగంగా ఉండేది. మద్రాసు రాష్ట్రంలో పట్టుపురుగుల పెంపకానికి పెట్టింది పేరు ఆ ప్రాంతమే. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆ తాలూకా మైసూరు రాష్ట్రానికి పోయినది. పటం మీద గీత గీసినారు గాని, అంగడి బాకీలు, వియ్యాలు, వాడుక ఖాతాలు గీతకు అవతలా ఇవతలా ఎప్పటివలెనే ఉండిపోయినవి. విజయనగర రాజుల కాలంలోను, నాయకుల కాలంలోను దక్షిణానికి వచ్చి స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలు కొండకు ఇరువైపులా ఉన్నవి. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, అంగడిలో అరవం మాటలాడుతూ ఈ కొండ ఎక్కి దిగుతూనే ఉన్నారు.

మైసూరు పీఠభూమి నుండి కోయంబత్తూరు మైదానానికి దిగడమంటే ఏ కాలంలోనూ సుళువు కాలేదు. ఈ చుట్టుపక్కలనే మోయారు నది లోయలో గజ్జలహట్టి కనుమ ఉన్నది. హైదరాలీ, టిప్పు సుల్తానుల సేనలు మైదానానికి దిగిన పాత మార్గాలలో అది ఒకటి. 1790 సెప్టెంబరులో టిప్పు సేన ఆ దారిన దిగి సత్యమంగలం వద్ద ఆంగ్ల సేనతో తలపడినది. ఆ పిమ్మట మన కాలంలో వీరప్పన్ భయం ఒకటి. సాయంకాలమైతే ఆ అడవిలో అడుగు పెట్టడానికి జనం జంకేవారు. 2004 అక్టోబరులో అతడు మరణించాడు, ఆ భయం పోయినది. కొండ మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఎక్కినట్టు తెలియని కొండ

ఈ దారిలో ఉన్న మోసం ఒక్కటే. దానిని ముందు చెప్పి పిమ్మట నా కథ చెబుతాను.

కొళ్ళేగాల నుండి చామరాజనగరం సుమారు 40 కిలోమీటర్లు. చదునైన నేల. చామరాజనగరం దాటిన తరువాత పొలాలు సన్నగిల్లి అడవి మొదలవుతుంది. పుణజనూరు వద్ద కర్ణాటక వైపు చెక్‌పోస్టు, కొంచెం ముందుకు పోగా కారపళ్ళం వద్ద తమిళనాడు వైపు చెక్‌పోస్టు. ఆ పైన హాసనూరు. రోడ్డు మెలికలు తిరుగుతూ, కొంత ఎక్కుతూ, కొంత దిగుతూ పోతుంది. చల్లని గాలి, రెండు పక్కలా వెదురు పొదలు. డ్రైవరుకు కొండ ఎక్కుతున్నానన్న ఆలోచనే రాదు. ఎందువల్లనంటే చామరాజనగరమే సముద్ర మట్టానికి ఆరువందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. దింబం సుమారు 1,100 మీటర్లు. ఆ తేడాను దారి నలభై, యాభై కిలోమీటర్ల పొడవున కొంచెం కొంచెంగా పంచిపెడుతుంది.

దింబం దాటగానే కాళ్ళ క్రింద నేల లేనట్టు అవుతుంది. ఎదుట మైదానం ఎక్కడో పాతాళంలో కనబడుతుంది. అక్కడి నుండి అడుగున ఉన్న బణ్ణారి వరకు సుమారు 14 కిలోమీటర్ల దూరంలో 27 మెలిక మలుపులు. పేక పోగు అంచు దాకా పోయి అక్కడే వెనుకకు తిరిగినట్టు రోడ్డు కూడ కొండ అంచు దాకా పోయి వచ్చిన దిక్కుకే తిరుగుతుంది. మలుపుల లెక్క బణ్ణారి నుండి పైకి. అంటే మన వైపు నుండి దిగేవారికి ముందుగా తగిలేది 27వది.

కోయంబత్తూరు నుండి పైకి వచ్చే డ్రైవరుకు కొండ ఎదురుగానే కనబడుతుంది. అతడు బణ్ణారిలో ఆగి, అమ్మవారి గుడి ముందు కర్పూరం వెలిగించి, టీ త్రాగి, బండి ఒకసారి చూచుకొని ఎక్కుతాడు. మన వైపు నుండి పోయేవాడు మాత్రం గాలి పాటున పోతూ పోతూ, ఏ ముందు జాగ్రత్తా లేకుండా, పై గేరులోనే ఆ వాలులో పడతాడు. నా మేనల్లుడు పడినది అట్లాగే. ప్రక్క సీటులో కూర్చున్నది నేనే గనుక చూచినది చూచినట్టు వ్రాస్తున్నాను.

ఆనాటి సంగతి

ఆషాఢం వెళ్ళిపోయి పెండ్లిండ్ల అంగళ్ళు మొదలయ్యే రోజులు. కోయంబత్తూరులో మా వాడుక షావుకారుకు 48 పట్టు చీరలు పంపవలసి ఉన్నది. జరీ రావడం ఆలస్యమై, కడపటి నాలుగు చీరలు మగ్గం మీద నుండి దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటినది. మరునాడు ఉదయం అంగడి తెరిచే వేళకు చీరలు అక్కడ ఉంటవని మాట ఇచ్చినవాణ్ణి నేనే.

చీరలు మాత్రమే అయితే బండిలో బరువే లేదు. 48 చీరలు రెండు మూటలు. కాని ఆ నెల బండి అప్పు కిస్తు కట్టవలసిన తేదీ దగ్గర పడినది. మేనల్లుడు చామరాజనగరంలో పన్నెండు బస్తాల పసుపు బాడుగకు ఒప్పుకున్నాడు. సత్యమంగలంలో దింపితే డీజిలు ఖర్చు పోను నాలుగు డబ్బులు మిగులుతవని అతని లెక్క. ఆ లెక్క తప్పని నేనూ అనలేదు. పసుపు ఎక్కించి, కాగితాలు వ్రాయించుకొని బయలుదేరేసరికి ఏడు దాటినది. చినుకు మొదలైనది.

తొమ్మిది గంటలకు దారి మూస్తారు. ఆ లోపల కారపళ్ళం దాటాలని పిల్లవాడు తొందర పెట్టాడు. ఎనిమిదీ నలభైకి చెక్‌పోస్టు దాటాము. "ఇక భయం లేదు మామా, పదిన్నరకు సత్యమంగలంలో ఉంటాము" అన్నాడు. ఆ తొందర చెక్‌పోస్టుతో పోలేదు, కాళ్ళలో ఉండిపోయినది. దింబం వచ్చింది. రోడ్డు వాలింది. బండి మూడో గేరులో ఉన్నది. ప్రతి మలుపు దగ్గరా బ్రేకు త్రొక్కడం, మలుపు దాటగానే వదలడం, మళ్ళీ త్రొక్కడం. వాన నీరు అద్దం మీద. క్రింద నుండి వచ్చే దీపాలు కంట్లో.

పది మలుపులు దిగినామో, పన్నెండో, నేను లెక్క పెట్టలేదు. ముందు వాసన వచ్చింది. జుట్టు కాలినటువంటి చేదు వాసన. "ఏమిరా అది?" అన్నాను. అతడు జవాబు చెప్పలేదు. కాలు చూచాను. బ్రేకు మెత్తగా నేలకు అంటుకుపోతున్నది, బండి ఆగడం లేదు. నా జన్మలో అంత నిశ్శబ్దం నేను వినలేదు.

పిల్లవాడు అరవలేదు, స్టీరింగు వదలలేదు. ఎట్లా తోచినదో గాని గేరు రెండుకు లాగాడు. ఇంజను పెద్దగా మూలిగింది, బండి కొంచెం పట్టినట్టు అయినది. చేతి బ్రేకును కొంచెం కొంచెంగా లాగుతూ బండిని కొండ వైపు కాలువలోకి దించాడు. ఎడమ చక్రం కాలువలో పడి, బండి ముందుభాగం గట్టుకు రాసుకొని ఆగిపోయినది. ఒక దీపం పగిలినది. నా భుజం తలుపుకు కొట్టుకున్నది. అంతకన్న ఏమీ కాలేదు. తరువాతి మలుపు ఇరవై గజాల దూరంలో ఉన్నది. దానికి అవతల ఏమున్నదో మరునాడు తెల్లవారిన తరువాత చూచాము. చూడకుండా ఉంటే బాగుండేది.

తాళవాడి డ్రైవరు చెప్పిన మాట

కొంచెం సేపటికి వెనుక నుండి ఒక చిన్న కూరగాయల బండి వచ్చి ఆగినది. తాళవాడి నుండి క్యాబేజీ తీసికొని పోతున్నది. డ్రైవరు అరవై దాటినవాడు. దిగి, ముందుగా మా చక్రాల క్రింద రెండు రాళ్ళు పెట్టాడు. పిమ్మట మా పిల్లవాడి వంక చూచి కన్నడంలో ఒక్క ప్రశ్న అడిగాడు. "ఈ కొండ ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతావు?"

"రెండులో. కొన్నిచోట్ల ఒకటిలో."

"మరి మూడులో ఎందుకు దిగావు?"

దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన ఇంకా అన్నాడు: "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి తమ్ముడూ. దింబంలో బండి నిలిపి, గేరు వేసికొని, అప్పుడు దిగాలి. దిగుతూ దిగుతూ వేద్దామంటే గేరు పడదు."

ఆ రాత్రి బండ్లోనే కూర్చున్నాము. బయటికి రావద్దని ఆయన హెచ్చరించి పోయాడు. ఎక్కడో పైన వెదురు విరుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ వెదురు విరిచేది గాలి కాదని మాకు చెప్పనక్కరలేదు.

ఇంటికి వచ్చిన తరువాత ఒక మోటారు మేస్త్రీని అడిగి ఆ మాటలోని మర్మం తెలిసికొన్నాను. మనవాళ్ళకు అర్థమయ్యేటట్టు చెబుతాను. బరువు ఎత్తు నుండి దిగేటప్పుడు ఆ బలమంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావలెను. బ్రేకు మీద ఖర్చు చేస్తే అదంతా వేడి అవుతుంది. బ్రేకు కట్టలు మితిమీరి కాగితే పట్టు తప్పిపోతవి. బ్రేకు నూనె చాలాకాలం మార్చకపోతే అందులో తేమ చేరుతుంది. ఆ వేడికి అది మరిగి ఆవిరి బుడగలు పుడతవి. అప్పుడు ఎంత త్రొక్కినా బుడగలు నొక్కుకుంటవి గాని బ్రేకు పట్టదు. మా బండికి జరిగినది ఇదే. నూనె మార్చి మూడు సంవత్సరాలు దాటినది.

చిన్న గేరులో దిగితే ఆ బలాన్ని ఇంజనే తట్టుకుంటుంది. చక్రాలు ఇంజనును త్రిప్పవలసి వచ్చి బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. బ్రేకును మలుపు దగ్గర మాత్రమే, కొంచెంసేపు గట్టిగా త్రొక్కి పూర్తిగా వదలవలెను. వదిలిన సేపట్లో అది చల్లబడుతుంది. అదే పనిగా కాలు ఆనించి ఉంచరాదు. పడుగు పోగును ఒక్కసారిగా గుంజితే తెగుతుంది, బొత్తిగా వదిలితే చిక్కు పడుతుంది, బిగువు చూచుకొని వదలడమే నేర్పు అని మనకు ఒకరు చెప్పవలెనా? కొండ దిగడమూ అంతే.

ఇంకొక దురలవాటు ఉన్నది. డీజిలు కలిసి వస్తుందని దిగుడులో గేరు తీసివేసి బండిని వదిలేవారు ఉన్నారు. ఇంజను ఆపివేసేవారూ ఉన్నారు. ఇంజను ఆగితే బ్రేకుకు దాని సహాయం పోతుంది, పెడలు రాయి అవుతుంది. చాలా బండ్లలో స్టీరింగు కూడ బిగుసుకుంటుంది. ఒక లీటరు డీజిలు కోసం ఇల్లు పోగొట్టుకోవడం అది.

మలుపు మర్యాద

ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వవలెను. ఇది మర్యాద మాత్రమే కాదు, రోడ్డు నిబంధనలలో ఉన్న మాట. వాలులో ఆగిన బరువు బండి మళ్ళీ కదలడం ఎంత కష్టమో ఎక్కినవారికే తెలుసు. వెనుకకు జారితే దాని వెనుక ఉన్నవారి గతి ఏమిటి?

పెద్ద లారీ మెలిక మలుపు తిరగవలెనంటే రోడ్డు మొత్తం కావాలి. దాని ముందుభాగం మన వైపుకు వచ్చినదని కోపగించుకొని లాభం లేదు. మలుపుకు ముందే, దానికి చోటు వదిలి, ఆగి ఉండడం ఉత్తమం. అది మలుపులో ఉండగా సందు దొరికిందని ఎడమ వైపు దూరితే వెనుక చక్రాలు మన మీదికే వస్తవి. మలుపులో ఒక బండిని మరొక బండి దాటడం అనే మాటే వద్దు. ఈ ఘాటులో ఒక లారీ మలుపులో చెడిపోయి నిలిచిపోతే రెండు రాష్ట్రాల బండ్లు గంటల తరబడి నిలిచిపోవడం అందరికీ అనుభవమే. అట్టి సమయంలో వరుస తప్పి ముందుకు దూరిన చిన్న బండ్లే దారిని బొత్తిగా బిగించివేస్తవి. ఆ చిన్న బండ్లు మనవి కాకుండా చూచుకోవలెను.

చక్రాల క్రింద పెట్టిన రాళ్ళను, బయలుదేరేటప్పుడు తీసి కాలువ గట్టున వేయవలెను. చాలామంది అట్లాగే వదిలి పోతారు. మనకు అక్కరకు వచ్చిన రాయి చీకట్లో వచ్చే స్కూటరు మనిషికి మృత్యువు అవుతుంది. అక్టోబరు, నవంబరు మాసాల వానలలో పై నుండి కూడ రాళ్ళు జారుతుంటవి. దింబం దగ్గర మంచు కమ్మితే పది గజాల దూరం కూడ కనబడదు. అప్పుడు దీపం క్రిందికి దించి, నెమ్మదిగా, ఎడమ అంచు పట్టుకొని పోవలెనే గాని, ముందున్న బండి వెనుక దీపాన్ని నమ్ముకొని దాని వెంట పరుగెత్తరాదు.

అడవికి ఒక వేళ ఉన్నది

రాత్రి దారి మూయడం గురించి మనలో చాలామందికి గొణుగుడు ఉన్నది. వ్యాపారస్తులకు నష్టమని సమ్మెలు కూడ జరిగినవి. ఆ బాధ నాకు తెలియనిది కాదు. కాని అవతలి పక్షం మాట కూడ వినవలెను.

సత్యమంగలం అడవిని 2008లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2013లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 1,400 చదరపు కిలోమీటర్ల అడవి. పులుల సంఖ్యను రెట్టింపు చేసినందుకు 2022లో దీనికి అంతర్జాతీయ బహుమానం కూడ లభించినది. ఆ అడవి నడుమనుండి మన రోడ్డు పోతున్నది. రాత్రివేళ నీటికీ మేతకూ రోడ్డు దాటే జింకలు, చిరుతలు బండ్ల క్రింద పడి చనిపోతున్నవి. అందువల్ల బణ్ణారి, కారపళ్ళం నడుమ రాత్రి రాకపోకలను నిషేధిస్తూ ఈరోడు జిల్లా కలెక్టరు 2019లో ఉత్తర్వు ఇచ్చారు. అది కొంతకాలం కాగితం మీదనే ఉండిపోయినది. మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2022 ఫిబ్రవరి 10 నుండి అమలుకు వచ్చినది. బరువు బండ్లకు సాయంకాలం 6 నుండి, చిన్న బండ్లకు రాత్రి 9 నుండి, ఉదయం 6 వరకు మూత అని ఆ ఉత్తర్వు. తరువాత కోర్టు కొన్ని సవరణలు చేసినది. బండి రకాన్ని, బరువును బట్టి నియమం మారుతుంది గనుక, బయలుదేరే నాడు చెక్‌పోస్టు నుండి వచ్చే బండ్లవారిని ఒక మాట అడిగి బయలుదేరడం మంచిది.

ఏనుగుల విషయం వేరే చెప్పవలెను. ఈ దారిన చెరకు లారీలు పోతవి. ఆ చెరకు రుచి మరిగిన ఏనుగులు రోడ్డు పక్కన లారీల కోసం కాచుకొని ఉండడం ఇక్కడ మామూలే. కొందరు డ్రైవర్లు సరదాకు నాలుగు గడలు విసిరి అలవాటు చేశారు. దాని ఫలితం వెనుక వచ్చే అందరికీ పంచుతున్నారు. ఏనుగు కనబడితే దూరంగానే ఆగవలెను. హారను కొట్టరాదు, దిగరాదు, ఫొటోల కోసం దగ్గరకు పోరాదు. అది పోయేదాకా ఉండి పోవడమే. దాని ఇంటిలో మనం బాటసారులము.

ఈ ఘాటు కాదనుకుంటే కొళ్ళేగాల నుండి మైదానానికి బరుగూరు మీదుగా అంతియూరుకు ఒక దారి, మలె మహదేశ్వర కొండ మీదుగా మేట్టూరుకు ఒక దారి ఉన్నవి. భవాని, ఈరోడు పోయేవారికి అవి పనికివస్తవి. కాని అవి కూడ కొండలే, అడవులే. దింబంలో నేర్చుకున్న పాఠం అక్కడా పనికివచ్చేదే.

కాగితాల సంగతి

పూర్వం రాష్ట్రపు ఎల్లలో అమ్మకపు పన్ను చెక్‌పోస్టుల వద్ద బండ్లు బారులు తీరి ఉండేవి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన పిమ్మట అవి తొలగినవి. అడవి శాఖ, పోలీసు, రవాణా శాఖల తనిఖీలు వేరు. ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పోయే సరకు విలువ 50,000 రూపాయలు దాటితే 2018 ఏప్రిల్ నుండి ఈ-వే బిల్లు తప్పనిసరి. పట్టు చీరలకు ఆ హద్దు ఒక చిన్న మూటతోనే దాటిపోతుంది.

రాత్రి దారిలో నిలిచిపోతే బిల్లు గడువు చెల్లిపోతుందనే భయంతో చాలామంది తొందరపడతారు. ఆ భయం అక్కరలేదు. మామూలు బండికి 200 కిలోమీటర్లకు ఒక దినం చొప్పున గడువు ఉన్నది. ఆ మొదటి దినం కూడ బిల్లు తీసిన మరునాటి అర్ధరాత్రి వరకు చెల్లుతుంది. అనుకోని అడ్డంకి వస్తే గడువు ముగియడానికి 8 గంటల ముందు గాని, ముగిసిన 8 గంటల లోపల గాని పొడిగించుకోవచ్చును. బండి చెడి సరకును వేరే బండిలోకి మార్చితే మాత్రం కొత్త బండి నంబరును బిల్లులో చేర్చవలెను. ఇది మరచినవారే చిక్కుల పాలవుతున్నారు.

మాట ఎవరు ఇచ్చారు?

మరునాడు ఉదయం బండ్లు కదలడం మొదలైన తరువాత, బణ్ణారి నుండి మేస్త్రీని పిలిపించుకొని, బ్రేకు బాగు చేయించుకొని, మొదటి గేరులో దిగాము. సత్యమంగలంలో పసుపు దింపి కోయంబత్తూరు చేరేసరికి మధ్యాహ్నం రెండయినది. ఏమి అంటారో అని షావుకారు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాను. ఆయన చీరలు విప్పి చూచి, అంచులు చూచి, లెక్క వ్రాసికొని, నా భుజం కట్టు చూచి ఏమైనదని అడిగారు. చెప్పాను. ఆయన కలం క్రింద పెట్టి అన్న మాట ఇది: "నిన్న ఒక్క ఫోను చేసి ఉంటే రేపటికి రండి అని చెప్పి ఉందును గదయ్యా. ఈ చీరలు నేను అమ్మకానికి పెట్టేది శుక్రవారం."

ఆ రోజు మంగళవారం.

సోదరులారా, ఆ మాట విన్న దగ్గర నుండి నాకు ఘాటు మీద కోపం పోయినది, అడవి శాఖ మీద కోపం పోయినది. గడువు పెట్టినది షావుకారు కాదు. మాట పోతుందేమోనని, వాడుక పోతుందేమోనని, కిస్తు తప్పుతుందేమోనని మా గుండెలో మేమే పెట్టుకున్న గడువు అది. మా చెల్లెలి ఒక్కగానొక్క కొడుకును ఆ గడువు మీద పెట్టి నడిపించాను.

కావున నాకు తోచిన నాలుగు మాటలు మన సంఘ శాఖలవారి ముందు పెడుతున్నాను. ఆర్డరు చీటీలో "ఫలానా తేదీ ఉదయం" అని కాక "ఫలానా తేదీ సాయంకాలం లోపల" అని వ్రాసుకొందాము. ఘాటు దారి మూసే వేళ చీటీ మీద ఉంటే ఏ షావుకారూ కాదనడు. కొండ అవతలకు పోవలసిన బండి మధ్యాహ్నం పన్నెండు లోపల ఊరు దాటకపోతే ఆ రోజు కదలరాదని ప్రతి ఇంటా ఒక కట్టుబాటు పెట్టుకొందాము. కొత్తగా బండి పట్టిన పిల్లవాణ్ణి మొదటి మూడు, నాలుగు సార్లు అనుభవజ్ఞుడైన డ్రైవరుతో, పగటి పూట, ఖాళీ బండితో పంపుదాము. మగ్గం మీద కూర్చోబెట్టేటప్పుడు పక్కన పెద్దవాడు లేకుండా పట్టు పడుగు అప్పగిస్తామా? బ్రేకు నూనె, బ్రేకు కట్టలు చూపించే తేదీని కిస్తు తేదీ పక్కనే గోడ మీద వ్రాసుకొందాము. ఆ రెంటిలో ఒకటి తప్పితే బ్యాంకువారు ఉత్తరం వ్రాస్తారు. రెండవది తప్పితే వచ్చే ఉత్తరం వేరు.

మేనల్లుడు ఇప్పటికీ ఆ దారిన పోతూనే ఉన్నాడు. దింబం రాగానే బండి నిలిపి, దిగి, నాలుగు చక్రాలూ చుట్టి వచ్చి, రెండో గేరు వేసికొని బయలుదేరుతాడట. బణ్ణారి చేరగానే వాళ్ళ అమ్మకు ఫోను చేస్తాడు. ఆ ఫోను వచ్చే దాకా మా చెల్లెలు రాట్నం త్రిప్పదు.